గుజ్జు అరిగిందని కూర్చుండిపోవద్దు

(సమాఖ్య వార్షిక మహాజన సభలో ఫిజియోథెరపిస్టు ఒకరు చేసిన ప్రసంగం ఇది. సభకు రాలేకపోయిన సభ్యుల కోసం, మాట్లాడిన మాటల్లోనే అచ్చు వేస్తున్నాం. చివర సభ్యులు అడిగిన ప్రశ్నలు, వాటి జవాబులు ఉన్నాయి.)



ముందు ఒక చిన్న పని. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు చెయ్యెత్తండి. చూశారా, సగం మందికి పైగానే ఉన్నారు. ఇప్పుడు ఆ నొప్పి కోసం సంఘంలోనో బయటో అప్పు తీసుకున్నవాళ్లు ఎత్తండి. సిగ్గుపడొద్దు. నొప్పి వల్ల పోయిన ఏడాది ఒక్క మీటింగైనా మానేసినవాళ్లు? సరే, దించండి. అందుకేనమ్మా ఈ సంగతి ఆసుపత్రిలో కాకుండా ఇక్కడ, లెక్కలు చదివే సభలో మాట్లాడుతున్నాం. మోకాలి నొప్పి మన పొదుపులోనూ ఉంది, మన అప్పులోనూ ఉంది, మన హాజరు పుస్తకంలోనూ ఉంది.

రోజుకో రూపాయి పొదుపు అని సంఘాలు మొదలుపెట్టిన రోజుల్లో మీలో చాలామందికి పాతిక, ముప్పయ్యేళ్లు ఉంటాయి. ఇప్పుడు ఆ అక్కలే 55 దాటారు, 60 దాటారు. సంఘాన్ని నడిపిన కాళ్లు ఇప్పుడు బ్యాంకు మెట్లు ఎక్కడానికి వెనకాడుతున్నాయి. ఇది మన ఒక్క ఊరి సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచం మొత్తం మీద 52 కోట్ల మందికి పైగా ఈ కీళ్ల అరుగుదల జబ్బుతో ఉన్నారు. డాక్టర్లు దీన్ని ఆస్టియో ఆర్థరైటిస్ అంటారు. అన్ని కీళ్లలోకీ ఎక్కువగా వచ్చేది మోకాలికే. జబ్బు ఉన్న ప్రతి 10 మందిలో 6 మంది ఆడవాళ్లే.

మా ఇంటి సంగతి చెప్తాను. మా అమ్మ కూడా సంఘ సభ్యురాలే. నేను ఫిజియోథెరపీ చదువులో చేరిన మొదటి ఏడాది అమ్మకి మోకాళ్లు పట్టుకున్నాయి. అప్పటికి 58 ఏళ్లు. మిరపకాయల కోతకి, కలుపుకి పోయిన మనిషి. పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎక్స్‌రే తీసి, "గుజ్జు అరిగిపోయింది, గుజ్జు ఇంజెక్షన్లు వేయాలి" అన్నారు. సంఘంలో 40 వేలు అప్పు తీసుకుని వేయించాం. రెండు నెలలు బాగానే ఉంది. మూడో నెలకి మళ్లీ మొదటికొచ్చింది. కిస్తీలు మాత్రం రెండేళ్లు కట్టాం.

అయితే అంతకంటే పెద్ద తప్పు ఆసుపత్రి వాళ్లది కాదు, నాది. "అమ్మా, అరిగిపోయిందన్నారుగా, నడిస్తే ఇంకా అరుగుతుంది, నువ్వు కదలకు" అని చెప్పింది నేనే. మా అన్నయ్య కూడా అదే మాట. ప్రేమతోనే చెప్పాం. అమ్మ మంచం మీదే కూర్చుంది. నీళ్లు మేమే అందించాం, అన్నం మంచం దగ్గరికే తెచ్చాం. ఏడాది తిరిగేసరికి తొడలు సన్నబడ్డాయి, ఒళ్లు బరువెక్కింది, నొప్పి ఏమో రెట్టింపయ్యింది. సంఘం మీటింగుకి వెళ్లడం మానేసింది. కింద కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యిచ్చి లేపాలని సిగ్గు. ఆ తర్వాత ఏడాది మా క్లాసులో మోకాలి పాఠం చెప్తుంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. నేను అమ్మకి చెప్పినదానికి సరిగ్గా ఎదురు మాట ఆ పాఠంలో ఉంది.

ఆ పాఠమే ఇవాళ మీకు చెప్తాను.

మోకాలి దగ్గర తొడ ఎముక, కింది కాలి ఎముక కలుస్తాయి. ముందు చిప్ప ఉంటుంది. ఎముకల చివర నున్నటి పొర ఒకటి ఉంటుంది. మనం గుజ్జు అనేది దాన్నే. "అరిగింది" అనగానే మనకి చెప్పు గుర్తొస్తుంది. చెప్పు ఎంత నడిస్తే అంత అరుగుతుంది, దాచిపెడితే మిగులుతుంది. మోకాలు చెప్పు కాదమ్మా. అది ప్రాణమున్న వస్తువు. ఈ గుజ్జుకి రక్తనాళాలు లేవు. మరి దానికి తిండి ఎలా అందుతుంది? కీలు లోపల జిగటగా ఒక నీరు ఉంటుంది, అందులోంచి అందుతుంది. గిన్నెలు తోమే స్పాంజి చూడండి. నొక్కితే నీళ్లు వదులుతుంది, వదిలితే పీల్చుకుంటుంది. అడుగు వేసినప్పుడు గుజ్జు నొక్కుకుంటుంది, అడుగు ఎత్తినప్పుడు పీల్చుకుంటుంది. కదలకుండా కూర్చుంటే గుజ్జు మిగలదు, దానికి తిండే అందదు.

రెండోది కండ. తొడ ముందు భాగంలో ఉన్న పెద్ద కండ మోకాలికి బండి షాక్‌అబ్జార్బరు లాంటిది. మెట్టు దిగినప్పుడు పడే అదురు ఎక్కువ భాగం అదే ఓర్చుకుంటుంది. నొప్పి అని కూర్చుంటే ఆ కండ కరిగిపోతుంది. కండ పోతే అదురంతా కీలు మీద పడుతుంది. నొప్పి పెరుగుతుంది. పెరిగింది కదా అని ఇంకా కూర్చుంటాం. మా అమ్మ విషయంలో జరిగింది ఇదే. ఈ చుట్టు తెగాలంటే మొదలుపెట్టాల్సింది కండ దగ్గర. అరిగిన గుజ్జుని మళ్లీ పెంచలేం. కండని మాత్రం 60 ఏళ్లప్పుడైనా, 70 ఏళ్లప్పుడైనా పెంచుకోవచ్చు.

ఇది నా సొంత మాట కాదు. వైద్య పరిశోధనలన్నీ కలిపి లెక్క చూసే కాక్రేన్ అనే సంస్థ మోకాలి వ్యాయామాల మీద 2015లో 54 అధ్యయనాలను, 2024లో 139 అధ్యయనాలను పరిశీలించింది. నొప్పి తగ్గుతుంది, పనులు చేసుకునే శక్తి పెరుగుతుంది అని తేలింది. ఎంత తగ్గుతుంది? నిజం చెప్పాలి కదా. నొప్పిని 100కి కొలిస్తే సగటున 10కి కాస్త అటూ ఇటూగా తగ్గింది. అంటే మాయ కాదు. కొందరికి ఎక్కువ తగ్గుతుంది, కొందరికి తక్కువ. అయితే ఖర్చు లేదు, కడుపులో పుండు పడదు, కిడ్నీ చెడదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ అనే సంస్థ 2022లో ఈ జబ్బు ఉన్న అందరికీ వ్యాయామం చెప్పమని డాక్టర్లకి రాసింది. మా అమ్మకి వేసిన లాంటి గుజ్జు ఇంజెక్షన్లు వేయొద్దని కూడా అందులోనే రాసింది. ఆ 40 వేల సంగతి నాకు అప్పుడు తెలిసి ఉంటే బాగుండేది.

వ్యాయామం మొదలుపెట్టే ముందు ఒకటి చూసుకోవాలి. ప్రతి మోకాలి నొప్పీ అరుగుదల కాదు. 45 దాటిన మనిషికి నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు నొప్పి ఉండి, పొద్దున్నే లేవగానే పట్టేసినట్టున్నా అరగంటలోపు సర్దుకుంటే అది చాలావరకు అరుగుదలే. అలా కాకుండా ఇవి ఉంటే ముందు డాక్టరుకి చూపించాలి: మోకాలు ఎర్రబడి, వేడిగా, బాగా వాచి, జ్వరం కూడా రావడం. పడ్డ తర్వాత కాలు మోపలేకపోవడం. మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి కదలకపోవడం. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం. చేతివేళ్ల కీళ్లు కూడా వాచి, పొద్దున గంటకి పైగా బిగుసుకుపోవడం. రాత్రి నిద్రలో కూడా తగ్గని నొప్పి, దాంతోపాటు ఒళ్లు తగ్గిపోవడం. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడు నీళ్ల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి నడుము, మెడ కూడా బిగుసుకుపోతుంటే అది ఫ్లోరోసిస్ కావచ్చు, ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. గుండెజబ్బు ఉన్నవాళ్లు, నడిస్తే ఛాతీలో పట్టేసేవాళ్లు డాక్టరుని అడిగాకే మొదలుపెట్టాలి.

ఇప్పుడు వ్యాయామాలు. ఆరు ఉన్నాయి. కింద కూర్చోలేనివాళ్లు మంచం మీద చేయండి.

మొదటిది, తువ్వాలు నొక్కడం. కాళ్లు చాపుకుని కూర్చోండి, లేదా పడుకోండి. తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టండి. మోకాలితో తువ్వాలుని కిందికి నొక్కండి. తొడ కండ గట్టిపడడం చేత్తో తాకి చూసుకోండి. పైకి 1 నుంచి 5 వరకు లెక్కపెట్టి వదలండి. ఒక్కో కాలికి 10 సార్లు.

రెండోది, కాలు ఎత్తడం. వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి పెట్టండి. రెండో కాలు వంచకుండా మంచం మీద నుంచి జానెడున్నర ఎత్తండి. 5 లెక్కపెట్టి నెమ్మదిగా దించండి. దబ్బున పడేయకూడదు. దించడంలోనే సగం లాభం ఉంది. 10 సార్లు.

మూడోది, కూర్చుని కాలు చాపడం. కుర్చీలోనో మంచం పట్టె మీదో కూర్చోండి. ఒక కాలు ముందుకి తిన్నగా చాపండి, పాదం మీ వైపు లాగండి, 5 లెక్కపెట్టి నెమ్మదిగా దించండి. 10 సార్లు. మూడు నాలుగు వారాల తర్వాత సులువనిపిస్తే అరకిలో ఉప్పు ప్యాకెట్టు గుడ్డలో చుట్టి చీలమండకి కట్టండి. ఇంకా సులువైతే కిలో. బరువు పెంచకపోతే కండ పెరగదు. ఏళ్ల తరబడి అవే పది సార్లు చేసి "ఏం లాభం లేదమ్మా" అంటారు. పొదుపు కూడా రోజుకి రూపాయి దగ్గరే ఆగిపోలేదు కదా, శక్తి పెరిగేకొద్దీ పెంచుకుంటూ వచ్చారు.

నాలుగోది, కుర్చీలోంచి లేవడం. ఆరింటిలో ఒక్కటే చేయగలిగితే ఇదే చేయండి. గోడకి ఆనించిన కుర్చీలో కూర్చోండి. కాళ్లు భుజాలంత ఎడంగా పెట్టి, ముందుకి వంగి, చేతులు ఊతం లేకుండా లేచి నిలబడండి. మళ్లీ నెమ్మదిగా, పడిపోకుండా కూర్చోండి. చేతులు లేకుండా లేవలేకపోతే కుర్చీ మీద గట్టి దిండో, మడిచిన బొంతో వేసి ఎత్తు చేసుకోండి. మొదట 5 సార్లు. వారం వారం ఒకటీ రెండూ పెంచుకుంటూ 10 వరకు, తర్వాత కాసేపు ఆగి ఇంకో 10.

అయిదోది, గోడ పట్టుకుని మడమలెత్తడం. కాలివేళ్ల మీద నిలబడి 3 లెక్కపెట్టి దించండి. 10 సార్లు. ఆరోది, అలాగే గోడ పట్టుకుని ఒక్కో కాలు పక్కకి ఎత్తి దించడం. ఒళ్లు వంచకూడదు. ఒక్కో కాలికి 10. ఇది తుంటి కండకి. తుంటి గట్టిగా ఉంటే నడిచేటప్పుడు మోకాలు పక్కకి తూలదు.

ఊపిరి బిగబట్టొద్దు. బి.పి. ఉన్నవాళ్లు ముఖ్యంగా. అందుకే లెక్క పైకి చదవమన్నాను. నోరు మాట్లాడుతుంటే ఊపిరి దానంతటదే ఆడుతుంది.

ఆరూ కలిపి 20 నిమిషాలు. వారానికి 3 రోజులు, రోజు విడిచి రోజు. మిగతా రోజుల్లో నడక. మొదట 5 నిమిషాలు, కూర్చుని ఆగి, మళ్లీ 5 నిమిషాలు. నెమ్మదిగా అరగంటకి తేవాలి.

ఇక అసలు భయం. "చేస్తుంటే నొప్పి వస్తోంది, మానేశాను" అని పది మందిలో ఎనిమిది మంది చెప్తారు. మొదట్లో నొప్పి కొంచెం వస్తుంది. వస్తే మోకాలు పాడవుతోందని కాదు. ఒక లెక్క పెట్టుకోండి. నొప్పే లేకపోతే సున్నా, ఇక ఓర్చలేనంటే 10. చేసేటప్పుడు 5 దాటకూడదు. చేశాక పెరిగిన నొప్పి మర్నాడు అదే వేళకి మామూలుకి రావాలి. వస్తే కొనసాగించండి. రాకపోతే మానేయొద్దు, తగ్గించండి. 10 చేసేవాళ్లు 5 చేయండి, కట్టిన బరువు తీసేయండి. మోకాలు బాగా వాచిన రోజు మొదటి వ్యాయామం ఒక్కటే చేసి ఊరుకోండి.

మొదటి రెండు వారాల్లో తేడా తెలియదు. కనీసం 8 వారాలు, కుదిరితే 12 వారాలు చేసి అప్పుడు చూడండి. ఆపేస్తే మళ్లీ కండ తగ్గుతుంది, నొప్పి తిరిగొస్తుంది. ఇది కోర్సు కాదు, పొదుపు లాగా ఎప్పటికీ సాగాల్సిన పని.

ఇంట్లో కొన్ని మార్పులు కూడా చేసుకోండి. మోకాలి మీద అన్నిటికంటే ఎక్కువ ఒత్తిడి పడేది గొంతుక్కూర్చున్నప్పుడు. పొయ్యి గట్టు మీద పెట్టుకోండి. కత్తిపీట ముందు కూర్చునే బదులు బల్ల మీద చాకుతో తరగండి. పొడుగు కర్ర చీపురు వాడండి. మరుగుదొడ్డి మీద పెట్టుకునే కమోడు కుర్చీ దొరుకుతుంది, కొనుక్కోండి. ఆ డబ్బు ఇంజెక్షన్ల డబ్బు ముందు చిన్నది. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు నొప్పి కాలు. చేతికర్ర నొప్పి ఉన్న వైపు కాదు, రెండో వైపు చేత్తో పట్టుకోవాలి. చాలామంది తిరగేసి పట్టుకుంటారు.

బరువు సంగతి చెప్తే అందరికీ కోపమొస్తుంది, అయినా చెప్పాలి. ఒంట్లో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద 4 కిలోల భారం తగ్గుతుందని కొలిచి చూశారు. రాత్రి అన్నం తగ్గించి కూర, పప్పు పెంచండి. కండ పెరగాలంటే పప్పు, గుడ్డు, పాలు, శనగలు కావాలి. ఇంట్లో అందరికీ వడ్డించాక అడుగున మిగిలిన పులుసుతో తినే అలవాటు ఇకనైనా మానండి.

మందుల గురించి ఒక్క మాట. నొప్పి బిళ్లలు డాక్టరు చెప్పినన్ని రోజులే. మెడికల్ షాపులో అడిగి ఏళ్ల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. బి.పి., షుగరు ఉన్నవాళ్లకి ఇంకా ప్రమాదం. పేరు లేని పొట్లాల మందు మింగగానే ఒక్క రోజులో నొప్పంతా మాయమైతే సంతోషించొద్దు, అనుమానించండి. అందులో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు. నొప్పి మీద రాసుకునే ఆయింటుమెంటు వీటన్నిటికంటే క్షేమం. ఇన్ని చేసినా రాత్రింబవళ్లు నొప్పే, నాలుగడుగులు కూడా వేయలేకపోతున్నాం అనేవాళ్లకి మోకాలి మార్పిడి ఆపరేషన్ ఉంది. దానికి భయపడక్కర్లేదు. దానికి కూడా ముందూ వెనకా ఈ వ్యాయామాలే కావాలి. 2010లో మొదలైన వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో పెద్దవాళ్లకి ఫిజియోథెరపీ ఏర్పాటు ఉండాలి. అప్పు తీసుకునే ముందు అక్కడ అడగండి.

చివరికి సంఘం సంగతి. ఇవన్నీ తెలిసినా ఒక్కతే ఇంట్లో చేయదు. మా అమ్మ కూడా చేయలేదు. నేను సెలవులకి వచ్చినన్నాళ్లు చేసింది, వెళ్లగానే మానేసింది. మా వీధిలో ముగ్గురు సంఘం అక్కలు పొద్దున్నే మా అరుగు మీదికి వచ్చి కలిసి చేయడం మొదలుపెట్టాకే నిలబడింది. ఎవరైనా రాకపోతే వెళ్లి పిలుచుకొచ్చేవాళ్లు. మూడు నెలలకి అమ్మ చేతులు ఊనకుండా కుర్చీలోంచి లేచింది. ఆరు నెలలకి మీటింగుకి నడిచి వెళ్లింది. నొప్పి పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. మెట్లు దిగేటప్పుడు ఇప్పటికీ ఉంది. కానీ తన పని తను చేసుకుంటోంది, తన సంతకం తనే బ్యాంకుకి వెళ్లి పెడుతోంది. డెన్మార్క్ దేశంలో 2013లో గ్లాడ్ అనే పేరుతో ఇలాగే గుంపుగా, వారానికి రెండుసార్లు, ఆరు వారాలు చేయించే పద్ధతి పెట్టారు. ఇప్పుడు చాలా దేశాలు దాన్ని తీసుకున్నాయి. గుంపు కట్టడం వాళ్లు కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. మన గుంపులు ఏనాడో ఉన్నాయి.

అందుకని ఈ మహాజన సభ ముందు మూడు కోరికలు పెడుతున్నాను. ఒకటి, ప్రతి సంఘం మీటింగులోనూ పొదుపు లెక్క మొదలుపెట్టే ముందు 10 నిమిషాలు అందరం కలిసి నాలుగో వ్యాయామం, మూడో వ్యాయామం చేద్దాం. రెండు, ప్రతి గ్రామ సంఘంలో నాలుగైదు కుర్చీలు కొనిపెట్టుకుందాం. కుర్చీలో కూర్చుంటే గొప్ప పోతున్నట్టు కాదని అందరం ఒప్పుకుందాం. మూడు, మోకాలి కోసం ఎవరైనా పెద్ద అప్పు అడిగితే ఇవ్వనని అనొద్దు. కానీ 12 వారాలు వ్యాయామం చేసి చూశావా అక్కా అని ముందు అడుగుదాం.

సెలవు. ఇప్పుడు అందరూ ఒకసారి లేవండి. చేతులు ఊనకుండా.

సభ్యులు అడిగిన ప్రశ్నలు

ప్రశ్న: మేము రోజంతా పొలంలోనే ఉంటాం, ఉపాధి పనికి పోతాం. అదంతా వ్యాయామం కాదా అమ్మా?

జవాబు: అది కష్టం, పిన్నీ, వ్యాయామం కాదు. కలుపు తీసేటప్పుడు గంటల తరబడి మోకాలు మడిచే ఉంచుతారు. చైనాలోని బీజింగ్‌లో చేసిన ఒక అధ్యయనంలో వయసులో ఉన్నప్పుడు రోజూ చాలాసేపు గొంతుక్కూర్చున్నవాళ్లకి ఈ జబ్బు ఎక్కువ వచ్చినట్టు తేలింది. పనిలో కండ అలిసిపోతుంది, బలపడదు. పని రోజున సాయంత్రం చేయలేకపోతే పొద్దున్నే పనికి పోయే ముందు చేయండి. పనిలో అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి.

ప్రశ్న: బెండకాయ నీళ్లు తాగితే, నల్లేరు పచ్చడి తింటే గుజ్జు పెరుగుతుందని ఫోన్లలో చెప్తున్నారు.

జవాబు: బెండకాయ కూర చేసుకుని తినండి, మంచిదే. నల్లేరు పచ్చడి కూడా ఇష్టముంటే తినండి. కానీ అరిగిన గుజ్జుని తిరిగి పెంచుతుందని రుజువైన కూరా లేదు, బిళ్లా లేదు. వాటి పేరు చెప్పి అమ్మే డబ్బాలకి డబ్బులు పోయొద్దు.

ప్రశ్న: నూనె రాసి కాపడం పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. మానేయాలా?

జవాబు: మానక్కర్లేదు. వ్యాయామానికి ముందు గోరువెచ్చని కాపడం పెట్టుకుంటే బిగువు సడలుతుంది. మోకాలు అప్పటికే వేడిగా, ఎర్రగా వాచి ఉంటే మాత్రం కాపడం పెట్టొద్దు. గట్టిగా పిసికించుకోవద్దు. కాపడం హాయి కోసం, బలం కోసం వ్యాయామం. ఒకటి రెండోదానికి బదులు కాదు.

ప్రశ్న: నా కాళ్లు దొడ్డిగా వంగిపోయాయి. 68 ఏళ్లు. నాకిక లాభం ఉంటుందా?

జవాబు: వంపు వ్యాయామంతో పోదు, అమ్మమ్మా. బలం మాత్రం వస్తుంది. మంచం మీద మొదటి మూడింటితో మొదలుపెట్టండి, నాలుగోది ఎవరైనా పక్కనుండగా చేయండి. ఒకసారి ఎముకల డాక్టరుకి కూడా చూపించండి. 68కి ఆలస్యం కాలేదు.

ప్రశ్న: ఎక్స్‌రేలో చాలా అరిగిందన్నారు. అయినా చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు. ఎక్స్‌రేలో బాగా అరిగినట్టున్నా పెద్దగా నొప్పి లేనివాళ్లు ఉన్నారు, కొంచెమే అరిగినా చాలా నొప్పి ఉన్నవాళ్లూ ఉన్నారు. ఫిల్ము చూసి కాదు, మీరు ఎంత చేయగలరో చూసి మొదలుపెట్టండి. ఇవాళ కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలిగారో సంఘం పుస్తకంలో రాసిపెట్టుకోండి. మూడు నెలల తర్వాత మళ్లీ లెక్కపెట్టి పక్కన రాయండి. మీ ఎక్స్‌రే అదే.